చొక్కా గుండీ చుక్కాని

చదువుకోడానికొచ్చిన ఈ పరాయి దేశంలో, క్లేటన్‌లో మోక్షమైనా దొరుకుతుంది గానీ అద్దెకు ఇల్లు దొరకదు. ఇరవై మూడు ఇళ్లు చూసి, ప్రతిచోటా నూట నలభై మంది వెనకాల వరసలో నిలబడి, ఆఖరికి చందు, దాసు ఈ ఇల్లు సంపాదించారు. ఇంటావిడ మార్గరెట్ పెట్టిన షరతు ఒక్కటే: హాల్లో షెల్ఫ్ మీదున్న చెక్క పడవ జోలికి వెళ్లకూడదు. అది ఆవిడ భర్త చనిపోకముందు స్వయంగా చేసింది.

చందు జోలికి వెళ్లాడు. దాసును ఉలిక్కిపడేలా చేద్దామని దాన్ని తీసి వాడి దుప్పటి కింద పెట్టాడు. వేర్‌హౌస్ షిఫ్ట్ నుంచి వచ్చిన దాసు, తన తొంభై రెండు కేజీలతోనూ దాని మీద కూర్చున్నాడు. పడవ అడుగు దిట్టంగానే ఉంది. డెక్ మీది కేబిన్ మాత్రం అప్పడమైపోయింది.

శనివారం మధ్యాహ్నం మార్గరెట్ ఇల్లు చూడ్డానికి వస్తుంది. అప్పటికి కేబిన్ లేకపోతే సామాన్లు ఫుట్‌పాత్ మీదే.

"నువ్వే కడతావ్. యూనివర్సిటీకి డుమ్మా కొట్టి మరీ కట్టు," అన్నాడు దాసు.

చందు ఫోన్‌లో పాత ఫొటో ఒకటి జూమ్ చేసి కొలతలు తీశాడు. డ్రాయర్లో దళసరి శుభలేఖ కనిపిస్తే గోడలు దానితోనే కోశాడు. చదవలేదు. కార్డులు చదివే అలవాటు వాడికి లేదు, భోజనాలెక్కడో అడిగి వెళ్లే రకం. కిటికీ అద్దాలకు బిర్యానీ డబ్బా మూత, స్తంభానికి అగరుబత్తి పుల్ల. చుక్కాని చక్రానికి చొక్కా గుండీ తెంపి, సూపర్ గ్లూతో లోపల అంటించాడు. మూడు పూతలు తెల్ల రంగు వేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం దాసు వంగి చూశాడు.

"బానే ఉంది గానీ, లోపల ఎవణ్ణెట్టావ్రా?"

"ఎవణ్ణీ పెట్టలేదు."

"మీసాలాయనున్నాడు కదరా."

"ఈసారి నేను కాదు. ప్రామిస్."

చందు ప్రామిస్‌లను ఆ ఇంట్లో బొద్దింకలు కూడా నమ్మవు. చందు తనే వంగి చూశాడు. బిర్యానీ మూత వెనక గోరంత ముఖం. తెల్ల మీసం. ఇటే చూస్తోంది.

దాసుకు ఏదో అనుమానమొచ్చి డ్రాయర్ లాగాడు. "ఇందులో కార్డేది?"

"శుభలేఖా? కోసేశా."

"శుభలేఖేంట్రా నీ మొహం! మా పెదనాన్న పెద్దకర్మ కార్డది! ఇంట్లో ఉంచకూడదని అమ్మ చెప్తూనే ఉంది. పారేయబుద్ధి కాక దాచా."

పెదనాన్న కేశవరావు గోదావరి మీద ముప్పై ఏళ్లు లాంచి నడిపిన సరంగు. కార్డు మీది ఫొటో కూడా చక్రం పట్టుకుని దిగిందే.

చందుకు ప్రాణం లేచొచ్చింది. "అంతేనా! ఫొటో ఉన్న వైపు లోపలికి పెట్టి అంటించేసుంటా." నవ్వుతూ, కోసి పారేసిన ముక్కల్లో చెయ్యి పెట్టాడు. ఫొటో ముక్క అక్కడే దొరికింది.

లాంచి ఉంది. చక్రం ఉంది. వెనక గోదావరి ఉంది. మనిషి లేడు.

కేబిన్‌లోంచి సన్నగా టిక్కుమంది. సూపర్ గ్లూతో అంటించిన గుండీ పావు వంతు తిరిగి ఉంది.

"పీకేద్దాంరా," అన్నాడు చందు.

"పీకి రేపటికి ఏం చూపిస్తావ్? అయినా ఆయన మా పెదనాన్నరా, పీకేదేంటి?"

మర్నాడు మార్గరెట్ వచ్చింది. కళ్లద్దాలు సర్దుకుని కిటికీలోకి చాలాసేపు చూసింది. "హూ ఈజ్ హీ?"

చందు దాసు వెనక్కి జరిగాడు.

"మై అంకుల్," అన్నాడు దాసు. "బోట్ కేప్టెన్."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తన భర్త బతికినన్నాళ్లూ ఈ పడవకు తగిన సరంగు కోసం వెతికాడని ఇంగ్లిష్‌లో చెప్పింది. ఇంకో రెండేళ్లు ఉండమంది. షరతు మాత్రం కొత్తది: పడవా, ఆయనా ఇక్కడే ఉండాలి.

చందు ఉంటున్నాడు. క్లేటన్‌లో ఇంకెక్కడికి పోతాడు? మొన్నొక పొద్దున అలవాటు కొద్దీ దాసు బూటులో ఐసు ముక్క వేయబోయాడు. షెల్ఫ్ మీద టిక్కుమంది.

చందు ఐసు ముక్కను రెండు చేతులా తీసుకెళ్లి ఫ్రీజర్లో పెట్టాడు. "సారీ అంకుల్," అన్నాడు.

గుండీ మళ్లీ వెనక్కి తిరిగింది.