పాతరలో ఆరని లైటు

మా ఇంటి వెనక నేలలో తవ్విన జొన్నల పాతర ఉంది. మనిషి నిలబడితే తల మునిగేంత లోతు, మూతి మాత్రం సన్నం. ఊళ్లో అందరూ సంచుల్లోకి మారిపోయారు. అవ్వ మాత్రం విత్తనం జొన్నలను ఇంకా అందులోనే పోయిస్తుంది. లోపల పురుగు కూడా బతకదంటుంది.

పురుగు బతకని చోట మనిషీ బతకడు. అందుకే పాతర తీయడానికి ఒక పద్ధతి ఉంది. పొద్దున మూతి మీది బండ జరిపి, రాత్రంతా వదిలేయాలి. మర్నాడు వెలిగించిన కందీలును తాడుతో దింపాలి. అది ఆరిపోతే ఎవరూ దిగకూడదు. దిగేవాళ్లు చంకల కింద తాడు కట్టుకోవాలి. పైన ఒకరు కూర్చుని పిలుస్తూ ఉండాలి, లోపలివాళ్లు 'ఓ' అనాలి.

ఆ రోజు అవ్వ సిర్గాపూర్‌కు పెండ్లికి పోయింది. అమ్మ, బాపు హైదరాబాద్‌లో పనిలో ఉన్నారు. ఇంట్లో నేనూ, సంగమేశ్ కాకా. తెల్లారితే కల్హేర్ సంత, అమ్మడానికి జొన్నలు తీయాలి. కాకా పొద్దున బండ జరిపాడు, మధ్యాహ్నానికే కందీలు వెతికాడు. అందులో చుక్క కిరోసిన్ లేదు.

"రేషన్ల గ్యాస్‌నూనె బందైంది, నీ నోట్ల మాట బందైంది," అని నవ్వాడు.

"అవ్వ రేపు దిగమన్నది కద కాకా."

"అవ్వకు చెప్పకు. చెప్పకుండ ఉండుడు నీకేం కష్టం కాదు గదా."

ఫోన్ లైటు వేసి, బకెట్‌లో పెట్టి దింపాడు. పాతరంతా తెల్లగా వెలిగింది.

"చూసినవా, ఆరలే."

తాడు కట్టుకుని, రెండో కొసను పశువుల గుంజకు బిగించి దిగాడు. ఫోన్‌ను బకెట్‌లోంచి తీసి జొన్నల మీద నిలబెట్టాడు.

"కాకా," అన్నాను.

"ఓ. గట్టిగ పిలువు. నీ గొంతు నీకన్న వినబడ్తుందా?"

"కాకా."

"ఓ."

మళ్లీ పిలిస్తే నిద్రలో పలికినట్టు పలికాడు. ఆ తర్వాత పలకలేదు. నన్ను అరిపించడానికి నాటకం ఆడుతున్నాడనుకున్నాను. వంగి చూశాను. గోడకు ఒరిగి కూర్చున్నాడు, గడ్డం ఛాతీకి ఆనింది. లైటు తెల్లగా మొహం మీద పడుతోంది.

తాడు గుంజాను. కదల్లేదు. అరిస్తే నా కేక గోడ దాటదు. ఇంట్లోకి ఉరికి ఖాళీ బిందె తెచ్చి, రాయితో కొట్టాను. కొడుతూనే ఉన్నాను. పక్కింటి ఎల్లయ్య మామ, ఆయన భార్య రజితక్క గోడ అవతలినుంచి ఉరికొచ్చారు.

మామ లోపలికి చూసి, కాలు మూతిలో పెట్టాడు. నేను ఆయన అంగీ పట్టుకుని వెనక్కి గుంజాను.

"దిగొద్దు మామా. గాలి లేదు."

"లైటు వెలుగుతుంది గదనే."

"ఆ లైటు గాలితోని వెలిగేది కాదు."

మామ కాలు తీసేశాడు. ముగ్గురం తాడు పట్టాం. కాకా భుజాలు మూతికి తట్టుకుంటే రజితక్క పడుకుని ఒక చెయ్యి పైకి లాగింది. కాకా పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. మామ అతని ఛాతీ మీద ఒత్తాడు, ఇంకా ఒత్తాడు. చాలాసేపటికి గురక లాంటి ఊపిరి వచ్చింది.

ఆటోలో కాకాను అడ్డంగా పడుకోబెట్టి, వాళ్లిద్దరూ ఎక్కారు. నాకు చోటు లేదు.

"నువ్వు ఇంటికాడ ఉండు బిడ్డా," అన్నాడు మామ.

సాయంత్రం మామ ఒక్కడే తిరిగొచ్చాడు. "మాస్కు పెట్టిన్రు. కండ్లు తెరిసిండు. పానానికేం కాదన్నరు. అవ్వ అటునుంచి అటే నారాయణఖేడ్ దవాఖానకొచ్చింది. మా ఇంటికి రా, ఇంత తిందువు."

తల అడ్డంగా ఊపాను.

ఆయన పోయాక బిందె లోపల పెట్టాను. అప్పుడు పాతరలోంచి ఫోన్ మోగింది. రోజూ ఆ వేళకు అమ్మ కాకా ఫోన్‌కే చేస్తుంది. నేను 'ఊ' అంటాను, 'తిన్న' అంటాను, అంతే.

మూతి దగ్గర కూర్చున్నాను. దిగకూడదు. మోత ఆగి, మళ్లీ మొదలైంది.

"అమ్మా, కాకా మంచిగున్నడు," అన్నాను లోపలికి. చాలలేదనిపించింది. గట్టిగా అన్నాను. పొద్దుటినుంచి జరిగిందంతా మోత ఆగేలోపు చెప్పాలని గబగబా చెప్పాను. బిందె సంగతీ చెప్పాను.

"మీరెప్పుడొస్తరే?" అన్నాను.

మోత ఆగిపోయింది. జొన్నల మీద లైటు మాత్రం వెలుగుతూనే ఉంది.