కుడివైపు కుళాయి

నేను ఒక వాష్‌బేసిన్‌ను. మీరంతా నా ముందు నిలబడినవాళ్లే, కానీ చూసింది నన్ను కాదు, పైనున్న అద్దాన్ని. అద్దం కోసం ముఖం సర్దుకోవడం ఎన్నోసార్లు చూశాను కాబట్టి నాకు ముఖాల మీద నమ్మకం పోయింది. చేతులనే నమ్ముతాను. అవి కూడా ఒకసారి నన్ను పొరబడేలా చేశాయి.

మట్టినీ రాతిపొడినీ కలిపి అచ్చులో పోసి, తెల్లటి పూత పూసి, బట్టీలో కాల్చి నన్ను తయారుచేశారు. తోటివాటికి కుళాయి కన్నం నడిమధ్యన పెట్టి, నాకు మాత్రం కుడి పక్కన పెట్టారు. ఎవరో ఇరుకు గది కోసం చేయించుకుని, తీరా తీసుకెళ్లలేదట. అలా రాజమండ్రిలో గవర్రాజు దుకాణానికి చేరాను. వచ్చినవాళ్లు నన్ను వేళ్ల కణుపులతో తట్టి మోత వినేవారు. "కన్నం ఇలా పక్కకుందేంటండీ?" అనేవారు. "కొత్త ఫ్యాషనండి," అనేవాడు గవర్రాజు. అతని మాట వాళ్లు నమ్మేవారు కాదు. బాగుందంటూ వెళ్లిపోయేవాళ్లను నేనూ నమ్మేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం మంగతాయారు వచ్చింది. అరవై దాటిన మనిషి. ఎడమ చెయ్యి చీర చెంగు కింద దాచుకుంది. ఒక్కొక్క బేసిన్ ముందూ నిలబడి, కుడి మోచేత్తో గాలిలో దేన్నో నెట్టేది, తల అడ్డంగా ఊపి పక్కదాని దగ్గరికి జరిగేది. చెంగు కింది చెయ్యి మాత్రం బయటికి రాలేదు. ఆ వారమే దుకాణంలో ఇత్తడి కుళాయి ఒకటి పోయింది. గవర్రాజు చూపు ఆ చెంగు మీదే ఉంది. నాదీ అదే అనుమానం.

"ఏమనుకోకండమ్మా. ఆ చేతిలో ఏముందో చూపించండి."

ఆవిడ చెంగు తీసింది. ఖాళీ చెయ్యి.

"మా ఆయనకి ఎడం చెయ్యి పడిపోయింది బాబూ. అది లేకుండా ఎలా ఉంటుందో చూసుకుంటున్నాను."

"కుడి చెయ్యి బానే ఉందాండి?"

"ఉంది. అన్నం తిన్నాక అదేమో ఎంగిలి చెయ్యి. దాంతో కుళాయి ముట్టుకోరు. పుట్టి బుద్ధెరిగాక ముట్టుకోలేదు. పోనీ నేను నీళ్లు పోస్తానంటే పడదు. అందుకని అన్నమే మానేశారు. అడిగితే ఆకల్లేదంటారు. గ్లాసుడు మజ్జిగ తాగి పడుకుంటారు. మనిషి సగమైపోయారు."

"మీరు పోస్తే తప్పేంటండీ?"

"ముప్పయ్యేళ్లు బస్సు నడిపిన మనిషి. ఆ మాట నువ్వే వచ్చి అడుగు, ఏమంటారో!"

గవర్రాజు లోపలికి వెళ్లాడు. పొడుగు మీట ఉన్న కుళాయి ఒకటి తెచ్చి నా కన్నంలో నిలబెట్టాడు. ఆవిడ చెయ్యి మళ్లీ చెంగులో దాచి నా ముందు నిలబడింది. ఒళ్లు వంచకుండానే మోచెయ్యి మీటకు అందింది.

"ఇది ఫ్యాషనా బాబూ?"

"కాదండి. ఎవరూ కొనట్లేదండి."

ఆ దుకాణంలో అతని నోట నేను విన్న మొదటి నిజం అది.

వాళ్లింట్లో నన్ను బిగించిన రోజు ఆవిడ భర్త పేర్రాజు గారు కర్ర ఆనించి గుమ్మంలో నిలబడి చూశారు.

"ఆసుపత్రి సామానుకి మనింట్లో ఏం పని?"

"ఇప్పుడు అందరిళ్లలోనూ ఇవే పెడుతున్నారండీ," అంది ఆవిడ.

"ఎవరింట్లో?"

"మా తమ్ముడింట్లో."

ఆయన కుర్చీలో కూర్చుని బావమరిదికి ఫోన్ చేశారు. "ఒరే నూకరాజూ, మీ ఇంట్లో సింకు కుళాయి ఎటుపక్కుందిరా?"

అవతలి గొంతు నా దాకా వినిపించింది. "మధ్యలోనే ఉంది బావా. ఏం, ఊడిందా?"

ఫోన్ పెట్టేశారు. ఆవిడ వంటింట్లో గరిటెతో అనవసరంగా గిన్నె కలుపుతోంది. ఇక నన్ను పీకించేస్తారనే అనుకున్నాను. మనుషులు అబద్ధాన్ని క్షమించరని అప్పటికి నా అభిప్రాయం. ఆయన మాత్రం వంటింటి వైపు చూశారు. కాసేపటికి, "కొంచెం అన్నం పెట్టు," అన్నారు.

తిని నా దగ్గరికి వచ్చారు. చేతికి పప్పన్నం అంటుకునే ఉంది. గోడకు భుజం ఆనించి, ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని మోచేత్తో మీట నెట్టారు. నీళ్లు వచ్చాయి. బొటనవేలితో ఒక్కొక్క వేలూ రుద్దుకుంటూ చాలాసేపు కడుక్కున్నారు. తలుపు వెనక గాజుల చప్పుడు నేను విన్నాను. ఆయన కూడా వినే ఉంటారు.

మర్నాడు భోజనాల గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "ఇంకాస్త వెయ్యి."

ఆ తర్వాత రెండేళ్లు ఆయన అన్నం మానలేదు. మొన్న చలికాలంలో పోయారు. దాని గురించి నాకు తెలిసింది తక్కువ. ఆ రోజుల్లో చాలా చేతులు కడిగాను.

అందరూ వెళ్లాక నూకరాజు నా ముందు ఆగాడు. "ఇది తీయించేద్దామక్కా. వచ్చిన ప్రతివాళ్ల మోచెయ్యీ దీనికే తగులుతోంది."

"ఉండనీరా."

"నీకు రెండు చేతులూ బానే ఉన్నాయి కదే!"

"బానే ఉన్నాయిలే. నువ్వు బస్సు చూసుకో, పొద్దుపోతోంది."

అతను వెళ్లాడు. ఆవిడ ఒక్కతే కూర్చుని అన్నం తింది. తిన్నాక నా దగ్గరికి వచ్చింది. ఎడమ చెయ్యి చెంగు కింద ఉంది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. మోచేత్తో మీట నెట్టింది.