రూతు మొదటి అధ్యాయం

మా ఆయన తొంగాయి పోయి ఏడాది నిండింది. ఏడాది నిండితే మా గుతు జిల్లా వైపు విధవ చేతికి నీళ్ల గిన్నె ఇస్తారు. పోయినవాడి అన్నదమ్ములూ బాబాయిలూ బల్ల మీద వరసగా కూర్చుంటారు. ఆమె ఎవరి చేతులు కడిగితే వాడే ఇక ఆమెకు మొగుడు. ఎంపిక ఆమెదేనట, ఎంత దయో!

నాకున్న ఎంపిక ఇద్దరు. ఒకరు కళ్లూ చెవులూ రెండూ పోయిన చిన్న మామయ్య. రెండోవాడు మా బావ గ్విన్యాయి, సంఘ పెద్ద, పెళ్లాం ఉన్నవాడు. రెండో పెళ్లి పాపమని మా పాస్టరు ప్రతి ఆదివారం గొంతు చించుకుంటాడు. తమ్ముడి పెళ్లాన్ని ‘చూసుకోవడం’ మాత్రం పుణ్యమట.

ఎవరి చేతులూ కడగనని పుట్టింటికి పోవచ్చు, ఎవరూ ఆపరు. కానీ పిల్లలు ఆ ఇంటి సొత్తు. తెందాయినీ వింబాయినీ వదిలేసి నేనొక్కదాన్నే బస్సెక్కాలి. వింబాయికి ఐదేళ్లు, ఇంకా నా కొంగు పట్టుకునే నిద్రపోతుంది. గ్విన్యాయితో ఒక్క గదిలో ఉండటం కంటే చావు నయం అనిపించేది. పిల్లల్ని వదలడం కంటే గ్విన్యాయే నయం అని కూడా అనిపించేది. ఏడాదంతా ఈ రెండింటి మధ్యే నలిగిపోయాను.

ఒక్క సందు మిగిలింది. గిన్నె ఆ ఇంటి ఆడబిడ్డ చేతిలో పెడితే, ‘నాకు మగాడు వద్దు, ఈ ఇల్లు చాలు’ అని అర్థం. ఆమె చేతులు కడుక్కుంటే పిల్లలతో అక్కడే ఉండిపోవచ్చు, ఇక ఎవరూ మాట్లాడకూడదు.

మా పెద్దాడబిడ్డ కేతినా గురువారం ఆడవాళ్ల కూటానికి పెద్ద. వేరుశనగకాయలు ఒలుస్తూ అడిగాను.

“వదినా, గిన్నె నీకిస్తాను. చేతులు కడుక్కుంటావా?”

“కడుక్కోక ఛస్తానా? ఆ గ్విన్యాయిగాడి ముక్కు తుడిచి పెంచాను, వాడి సంగతి నాకు తెలీదూ! పెళ్లాం ముందు పులి, పాస్టరు ముందు పిల్లి. భయపడకు షువాయీ, నేనున్నాగా.”

ఆ మాట నమ్ముకుని ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

తర్వాతి ఆదివారం పాస్టరు రూతు గ్రంథం ఎత్తుకున్నాడు. కళ్లు నా మీదే. “మొగుళ్లు పోయిన ఇద్దరు కోడళ్లు. రూతు అత్త దగ్గరే నిలబడింది, ఓర్పా వెనక్కి పుట్టింటికి పోయింది. ఆ తర్వాత ఓర్పా పేరు ఎక్కడైనా విన్నారా?” అందరూ లేదని తలలూపారు. వాళ్లమ్మ దగ్గర హాయిగా బతికిందేమో, హాయిగా బతికిన ఆడదాని గురించి ఎవరు రాస్తారు అనుకున్నాను.

కానీ అక్కడే నాకో ఉపాయం తట్టింది. ఎనిమిదేళ్లుగా గురువారం కూటంలో రూతు మొదటి అధ్యాయం నేనే చెబుతున్నాను. ‘నువ్వెక్కడికి పోతే అక్కడికే నేనూ వస్తాను’ అని ఆమె చెప్పింది మగాడితో కాదు, అత్త నయోమితో! ఆ మాటలే చెప్పి కేతినాకు గిన్నె ఇస్తే బైబిలుకి అడ్డుచెప్పే మగాడెవడు?

గిన్నె ఇచ్చే రోజు పొద్దున వాకిలి నిండా జనం. గిన్నె పట్టుకుని బల్ల ముందు నుంచి నడిచాను. గ్విన్యాయి అప్పటికే చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నాడు. ఆగలేదు. కూటం పెద్ద వేసుకునే ఎర్ర జాకెట్టూ తెల్ల టోపీతో చాప మీద కూర్చున్న కేతినా ముందు మోకరించాను. రూతు మాటలన్నీ ఒక్కటీ తప్పకుండా చెప్పాను. ఆడవాళ్లు సంతోషంతో కూతలు పెట్టారు. కేతినా కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు చాపింది.

“ఆగమ్మా కేతినా,” అన్నాడు పాస్టరు. కోపం లేదు, పైగా నవ్వుతున్నాడు. “షువాయి చక్కగా చెప్పింది. ఆమె రూతు, నువ్వు నయోమివి. మరి మూడో అధ్యాయంలో నయోమి ఏం చేసింది? స్నానం చేసి, మంచి బట్ట కట్టుకుని, పోయిన మొగుడి చుట్టం బోయజును కట్టుకోడానికి అతని కళ్లం దగ్గరికి వెళ్లమని పంపింది తనే కదా? రూతేమంది? నువ్వు చెప్పినట్టే చేస్తానంది. నయోమి చేసిన పని నువ్వు చేయనంటే, ఆ ఎర్ర జాకెట్టుతో గురువారం ఎలా నిలబడతావమ్మా?”

మొగుడు వదిలేసిన మనిషి కేతినా. తమ్ముడు గ్విన్యాయి వాకిట్లో, తమ్ముడు పెట్టే సద్జా ముద్ద తింటోంది. ఆ జాకెట్టు లేకపోతే ఆమెను అక్కా అని పిలిచేవాళ్లు కూడా ఉండరు. నా దారి మూసుకుపోయిందని తెలిసిపోయింది.

చాపిన చేతులు ఒడిలోకి తీసుకుంది. నా మొహం చూడలేదు.

“గ్విన్యాయీ,” అంది, “చేతులు పట్టు.”

బల్ల దగ్గరికి వెళ్లి నేనే పోశాను. కాదనడానికి ఏముంది? నువ్వెక్కడికంటే అక్కడికే అని ఇప్పుడేగా అందరి ముందూ ఒట్టు పెట్టాను. నా నోటితో నేనే చెప్పిన మాట. గ్విన్యాయి తీరిగ్గా వేళ్ల సందులు కూడా కడుక్కున్నాడు.

వెనక నుంచి చిన్న చప్పట్లు వినబడ్డాయి. ఆదివారం బడిలో ఎవరైనా వాక్యం తప్పులేకుండా అప్పజెబితే పిల్లలంతా చప్పట్లు కొడతారు. అమ్మ ఒక్క మాట కూడా తప్పలేదని మా వింబాయి కొడుతోంది.