ఎండకు స్విచ్ లేదు

ఆ ఇంట్లో ఫ్యానైనా, ఫ్రిజ్జైనా, కుట్టుమిషనైనా ఎండ మీదే నడిచేవి. వీధి స్తంభం నుంచి వచ్చే తీగను పట్టుబట్టి తీయించేసింది ఆ ఇంటి కొడుకే. బస్సు డ్రైవరతను. సెలవు దొరికినప్పుడల్లా డాబా ఎక్కి సోలార్ పలకలన్నీ తనే బిగించుకున్నాడు. "ఇక సూర్యుడే మన లైన్‌మాన్" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాడు.

ఆ మధ్యాహ్నం కోడలు ఎవరివో పరదాలు కుడుతుంటే కాలిన వాసన తగిలింది. మిషను తడిమింది. చల్లగానే ఉంది. పొయ్యి చూసింది. ఆరిపోయే ఉంది. డాబా మీదికి పరుగెత్తింది. పలకల కింద, తీగ పైకప్పు కన్నంలోంచి ఇంట్లోకి దిగేచోట, నీలిమంట చిటచిటలాడుతోంది. ఆ కన్నం కిందే మామగారి గది. పక్షవాతంతో మంచంలో ఉన్న మనిషి. లేపడం ఆమె ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

కిందికి దూకినట్టు దిగి మెయిన్ స్విచ్ కట్టేసింది. ఇల్లంతా చడీచప్పుడు లేకుండా పోయింది. నెత్తిమీద చిటచిట మాత్రం ఆగలేదు. భర్తకు ఫోన్ చేసింది.

"స్విచ్ ఆపేశానండీ, అయినా మంట ఆగట్లేదు!"

"ఆగదే! ఎండున్నంతసేపూ పలకల్లో కరెంటు పుడుతూనే ఉంటుంది. వాటి మీద మందంగా ఏదైనా కప్పు. ఇనుప చట్రం మాత్రం ముట్టుకోకు, చచ్చిపోతావ్!"

ఆ చివరి మాటే చెవుల్లో గింగురుమంటుండగా, కుడుతున్న పరదాలను కుప్పగా చంకనెత్తుకుని మళ్లీ మెట్లెక్కింది. అప్పటికే పక్కింటి పిన్ని పిట్టగోడ మీంచి బకెట్టు ఎత్తి పట్టుకునుంది.

"నీళ్లొద్దు పిన్నీ! షాక్ కొడుతుంది!"

"మరేం చెయ్యనే తల్లీ?"

"మీ డాబా మీది ఇటుకలందియ్యి!"

దూరం నుంచే పరదా విసిరింది. ఒకటి పడింది, రెండోది పడింది. మంట కుంచించుకుపోయింది. హమ్మయ్య అనుకునేలోగా గాలికి అంచు లేచి, పలక మీద ఎండ పడగానే నిప్పురవ్వలు మళ్లీ ఎగిరాయి. కెవ్వుమంది. పళ్లు బిగించి, చట్రానికి వేలు తగలకుండా అంచు మీద ఇటుక జారవిడిచింది. ఇంకొకటి. మరొకటి. చెవి పెట్టి వింటే చిటచిట లేదు. కన్నంలోంచి సన్నటి పొగ, అంతే.

గదిలోకి ఉరికింది. మామగారు దగ్గుతున్నారు. కిటికీలన్నీ బార్లా తెరిచింది.

"ఫ్యానాగిందేంటమ్మా?" అన్నాడాయన, దగ్గు మధ్యలో.

నవ్వబోయింది. ఏడుపొచ్చింది. మంచం పట్టె పట్టుకుని కూలబడిపోయింది.

సాయంత్రం కొడుకు వచ్చి చూస్తే, ఎలుక కొరికిన తీగ నల్లగా బొగ్గయి కనిపించింది. మర్నాడే అనుభవమున్న మెకానిక్కును పిలిచి, తీగను ఇనుప గొట్టంలోంచి లాగించి, కరెంటు కిందికి దిగకముందే ఆపేలా డాబా మీదే ఇంకో స్విచ్ పెట్టించాడు.

ఇల్లు మళ్లీ ఎండతోనే నడుస్తోంది. కానీ ఎండ చురుక్కుమన్న రోజున కోడలు మిషను మీద కుడుతూ కుడుతూ ఆగిపోతుంది. ఊపిరి బిగబట్టి, పైకప్పు వైపు చెవి పెడుతుంది.