మలుపు దగ్గర బ్రేకు

"అమ్మాయ్, ఆ ప్యాంటు లోపల ఆరెయ్. వీధిలో వాళ్లంతా చూడాలా ఏంటి?"

అత్తగారి గొంతు వంటింట్లోంచి బాల్కనీ దాకా వచ్చింది. ఆమె అప్పుడే తీగ మీద వేసి క్లిప్పు పెట్టబోతోంది. సైకిల్ తొక్కేటప్పుడు వేసుకునే నల్లటి బిగుతు ప్యాంటు అది. కూర్చునే చోట లోపల మెత్త కుట్టి ఉంటుంది. దాంతో తీగ మీద వేలాడుతున్నప్పుడు కూడా అందులో ఎవరో ఉన్నట్టే కనిపిస్తుంది. ఆమె దాన్ని తీసేసి, స్నానాల గదిలో తువ్వాలు కింద ఆరేసింది. తువ్వాలు కింద ఏదీ త్వరగా ఆరదు. రేపు పొద్దున తడి ప్యాంటుతోనే కొండెక్కాలి.

ఈ వీధిలో ఉన్నవి పదిళ్లు. అదే ప్యాంటును, అందులో ఉన్న మనిషితో సహా, వెనక నుంచీ పక్క నుంచీ నడినెత్తి మీది నుంచీ లక్షల మంది చూసేశారు. చూపించింది అత్తగారి సొంత కొడుకే.

అతనికి డ్రోన్లను పరీక్షించే వీడియో ఛానల్ ఉంది. కొత్త కెమెరా డ్రోన్ ఏది వచ్చినా ఊరి బయటి కొండదారికి తీసుకెళ్లి ఎగరేస్తాడు. ఎవరూ నడపకుండానే ఆ డ్రోన్ సైకిల్ మీద వెళ్లే మనిషిని తనంతట తానే వెంబడించి వీడియో తీయాలి. ఎక్కుళ్లలో ఎలా వస్తుంది, దిగుళ్లలో వెనకబడుతుందా, మలుపుల్లో మనిషిని పోగొట్టుకుంటుందా అన్నదే పరీక్ష. మొదట్లో తనే తొక్కాడు. రెండో మలుపుకే రొప్పు వచ్చి మాట పెగల్లేదు. "చిన్నప్పుడు సైకిల్ తొక్కేదాన్నని చెప్పావు కదా, నువ్వు తొక్కు. ఇంట్లో ఊరికే ఉండే బదులు ఒళ్లు కూడా తగ్గుతుంది" అన్నాడు. ఊరికే ఉండటం అంటే వంట, అత్తగారి మోకాళ్లకు కాపడం, డ్రోన్ బ్యాటరీలు చార్జింగు పెట్టడం, తీసిన వీడియోలన్నీ కత్తిరించి అతికించడం, చూసిన వాళ్లు అడిగే ప్రశ్నలకు అతని పేరు మీద జవాబులు రాయడం. ఛానల్లో అతను ఆమెను భార్య అని ఎప్పుడూ అనలేదు. "మన టార్గెట్ ఇప్పుడు ఎక్కుతోంది చూడండి" అంటాడు. డ్రోన్ కంటికి తేలిగ్గా ఆనాలని ఎర్రచొక్కా వేయించాడు కాబట్టి చూసేవాళ్లు ఆమెకు ఎర్రచొక్కా అని పేరు పెట్టుకున్నారు. ఎర్రచొక్కా గారికి దుమ్ము పట్టదా అని ఒకడు. ఎర్రచొక్కా ఫ్రేములో పట్టాలంటే డ్రోన్‌కి ఇంకాస్త పైకి వెళ్లక తప్పదు అని ఇంకొకడు. ఆ రెండో వాడికి అతనే స్వయంగా నవ్వు బొమ్మ పెట్టాడు. తర్వాత దాన్ని తీసేస్తాడేమోనని ఆమె రెండు రోజులు చూసింది.

ఆడపడుచు భోజనానికి వచ్చినప్పుడు ఆ వీడియోని పెద్ద టీవీలో పెట్టింది. తెర మీద ఆమె వీపు, వీపు కింద మిగతాది, గోడంత అయి కొండెక్కుతోంది.

"వదినా, నిజం చెప్పు, కొండని నువ్వు ఎక్కుతున్నావా, కొండే భయపడి కిందికి దిగుతోందా?"

అందరూ నవ్వారు. భర్త పొలమారేదాకా నవ్వాడు. "డ్రోన్ పనితనం చూడవే అంటే ఇంకేదో చూస్తావు" అన్నాడు చెల్లెలితో. ఆమె అందరికంటే గట్టిగా నవ్వి, మంచినీళ్లు తెచ్చే వంకతో వంటింట్లోకి వెళ్లి, సింకు అంచు పట్టుకుని నిలబడింది. తలకొట్టేసినట్టయింది. అయితే ఆమెను అసలు నిలువనీయకుండా చేసిన విషయం అది కాదు. వీపు వెడల్పుగా ఉందని సిగ్గుపడటం ఆమెకు అలవాటే. దాని కింద ఇంకొకటి ఉంది. అది అప్పటికింకా బయట పడలేదు.

ఆ కొండదారి ఆమెకు ఇష్టం. ఈ సంగతి ఎవరితోనూ చెప్పలేదు, ఇష్టమని తెలిస్తే అది పని కాకుండా పోతుందని. ఎక్కేటప్పుడు తొడలు మండుతాయి, చెవుల్లో గుండె కొట్టుకుంటుంది. శిఖరం దాటాక దారి ఒక్కసారిగా వాలుతుంది. ఎడమ పక్క రాతిగోడ, కుడి పక్క చెట్లు, నడుమ గుర్రపు నాడాలా ఒంపు తిరిగిన మలుపు. అక్కడ గాలి చొక్కాలో దూరి ఒంటి బరువంతా పట్టుకుపోతుంది. ఆమె దిగుడులో డ్రోన్ కంటే వేగంగా వెళ్లగలదు. మొదటిసారి అలాగే వెళ్లింది. మలుపు తిరగ్గానే డ్రోన్‌కి రాతిగోడ అడ్డొచ్చి ఆమె కనబడకుండా పోయింది. మనిషిని వెతుక్కుంటూ అది దారినొదిలి అడ్డంగా వచ్చి, చెట్టుకు కొట్టుకుని కిందపడింది. ఆ రోజు ఇంటికి చేరాక గుమ్మం దగ్గర అతను అన్నాడు: "అంత స్పీడుగా పోతే అదేం చేస్తుంది పాపం?"

పాపం డ్రోన్‌ది. తప్పు ఆమెది. మర్నాటి నుంచి ఆమె ఆ మలుపు దగ్గర బ్రేకు వేయడం మొదలుపెట్టింది. వెయ్యమని ఎవరూ చెప్పలేదు. నెత్తిన ఝుమ్మనే చప్పుడు పలచబడగానే రెండు వేళ్లు వాటంతటవే బిగుసుకునేవి. అది అందుకునేదాకా నెమ్మదించి, అందుకున్నాక మళ్లీ ఏమీ ఎరగనట్టు తొక్కేది. ఇంట్లో చేసేదీ అదే కదా. మాట సగంలో ఆపేసి అతను ఫోను పెట్టేసేదాకా కాచుకోవడం, బజారులో అత్తగారి నడకకు నడక తగ్గించడం, తనకు ముందే తెలిసిన సంగతిని అతను కనిపెట్టి చెప్పేదాకా తెలియనట్టు మొహం పెట్టడం. ఇన్ని చోట్ల వేసే బ్రేకు కొండ మీద ఒకసారి వేస్తే ఏం పోయింది అనుకుంది. అతను మాత్రం కెమెరా ముందు చేతులు ఊపుతూ చెప్పేవాడు: "చూశారా, ఇంత ప్రమాదకరమైన మలుపులో కూడా టార్గెట్‌ని ఒక్క క్షణం వదల్లేదు! కళ్లు మూసుకుని కొనుక్కోండి."

కొన్నారు.

పోయిన వారం ఛానల్ నంబరుకు ఫోనొచ్చింది. ఆ నంబరు ఆమె దగ్గరే ఉంటుంది. అవతల ఒక ఆడమనిషి. ఆడపిల్లలకు సైకిల్ పందేలు నేర్పే కోచ్‌నని చెప్పింది.

"మీ వీడియో చూసే కొన్నామండీ, పిల్లలు దిగుళ్లలో ఎలా ఒంగుతున్నారో చూసి దిద్దడానికి. మొన్న మలుపులో అది మా పిల్లని వదిలేసింది. మళ్లీ వెతుక్కుంటూ అడ్డంగా మొహం మీదికొచ్చింది. పిల్ల బెదిరి హ్యాండిల్ తిప్పేసింది. భుజం దగ్గర ఎముక విరిగింది. ఈ ఏడాదికి పందేలు లేనట్టే."

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"మిమ్మల్ని అడగాలనిపించింది. మీ వీడియోలో ఎర్రచొక్కా వేసుకుని తొక్కేది ఆడమనిషే కదా, మీరేననుకుంటాను. మీ మలుపు ఇంకా ఘోరంగా ఉంది. అక్కడ మీ వెనకాల ఎలా వచ్చింది? మామూలు స్పీడులోనే దిగారా?"

ఇన్నాళ్లలో ఆమెను ఆమెగా అడిగిన మొదటి ప్రశ్న అది. దానికి ఆమె చెప్పిన జవాబు: "అవునండీ. మామూలుగానే దిగాను."

"అయితే తప్పు మాదే అయ్యుంటుంది. పిల్లకి ఇంకాస్త చెప్పి ఉండాల్సింది" అని కోచ్ ఫోను పెట్టేసింది.

ఆమె తేలు కుట్టిన దొంగలా ఆ సాయంత్రమంతా ఇంట్లో తిరిగింది. భర్తకు చెప్పింది. అతను కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే, "వాడటం చేతకాక మన మీద పడతారు. నువ్వు సరిగ్గానే చెప్పావు, వదిలెయ్" అన్నాడు. సరిగ్గా చెప్పావని అతను మెచ్చుకున్న సందర్భాలు తక్కువ. ఆ మెచ్చుకోలు ఆమె ఒంటికి బంకలా అంటుకుంది, ఎంత కడిగినా పోలేదు. ఎదుటివాళ్ల పిల్ల ఎముక విరగ్గొట్టి, ఆ పైన వాళ్ల చేతే తప్పు మాదేనని అనిపించింది. తను ఎప్పుడూ అనే మాటనే ఇంకొక ఆడమనిషి నోట పెట్టింది.

ప్యాంటు తువ్వాలు కింద ఆరేసిన మర్నాడు పొద్దున కొండ దగ్గరికి డ్రోన్ కంపెనీ మేనేజరు వచ్చాడు. అదే డ్రోన్‌ని కాస్త మార్చి కొత్తగా తెస్తున్నారు. ఇవాళ అది బాగా వెంబడిస్తే అమ్మకానికి పెడతారు, ఆమె భర్తను పరీక్షల విభాగానికి పెద్దగా తీసుకుంటారు. అతను దారంతా అదే చెబుతూ వచ్చాడు. సైకిలు దింపుతూ, "ఇవాళ నా పరువు నీ కాళ్లలో ఉంది" అన్నాడు. చమత్కారం బాగుందనుకుని తనే నవ్వాడు.

ఆమె బయల్దేరింది. ఎక్కుడులో కొత్త డ్రోన్ పాతదానికంటే మెరుగే. నేల లేస్తున్నకొద్దీ తనూ లేస్తోంది, చెట్ల నీడలో తడబడినా తేరుకుంటోంది. చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోనులో భర్త మేనేజరుకు చెబుతున్న మాటలు వినిపిస్తున్నాయి: "టార్గెట్ చూడండి సార్, సరిగ్గా మధ్యలో!" తడి ప్యాంటు తొడలను ఒరుస్తోంది. కారులో ముందే శిఖరానికి చేరి నిలబడ్డ ఆ ఇద్దరినీ దాటింది. ఇద్దరూ చేతిలోని తెరనే చూస్తున్నారు, పక్కనుంచి పోతున్న మనిషిని చూడలేదు.

దారి వాలింది. చక్రాలు పాట అందుకున్నాయి. మలుపు కనబడుతుండగానే నెత్తి మీది చప్పుడు పలచబడింది. ఆమె ఇంకా ఏమీ ఆలోచించనే లేదు, రెండు వేళ్లు బ్రేకు మీదికి వెళ్లిపోయాయి. ఆమె వాటి వంక చూసింది. తన ఒంట్లోనే తనకు తెలియకుండా కాపురం చేస్తున్న ఎవరివో వేళ్లలా ఉన్నాయి. ఆ వేళ్లు ఇప్పుడు బిగిస్తే ఈ డ్రోన్ కూడా మంచిదైపోతుంది. ఇంకో కోచ్ కొంటుంది. ఇంకో పిల్ల మలుపు తిరుగుతుంది. ఇన్నాళ్లూ తెలియక చేసింది అనుకోవచ్చు. ఇవాళ చేస్తే ఆ మాట కూడా మిగలదు.

వేళ్లు విప్పింది. ఒంటిని మలుపు లోపలికి వాల్చింది. రాతిగోడ పక్కనుంచి ఒక్క ఊపులో దూసుకుపోయింది, చప్పుడు తెగిపోయింది. గాలి తప్ప నెత్తిన ఏమీ లేదు. చెవిలో కేక: "ఆగు! ఆగు! అది నిన్ను పోగొట్టుకుంది! ఎక్కడున్నావ్?"

ఆమె దిగువదాకా ఆగలేదు.

మళ్లీ పైకి ఆమే తొక్కుకుంటూ రావాలి, కిందికొచ్చి తీసుకెళ్లేవాళ్లు ఎవరూ లేరు. వచ్చేసరికి డ్రోన్ పొదల్లోంచి బయటికి తీసి ఉంది. మేనేజరు దాని రెక్క పరిశీలిస్తున్నాడు. భర్త పెదాల మీద నవ్వు చెదరకుండా నాలుగడుగులు ఎదురొచ్చి, పళ్ల సందునుంచి అన్నాడు: "ఏమైంది నీకివాళ? మలుపు దగ్గర ఎప్పట్లా బ్రేకు వెయ్యొచ్చుగా!"

ఆమె సైకిలు దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి అలాగే ఉండిపోయింది.

"మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి? నీ స్పీడెంతో తెర మీద పడుతూనే ఉంటుంది. మలుపొస్తే తగ్గుతావు, అది అందుకుంటుంది. నువ్వు సర్దుకుపోతావనేగా నీతో తొక్కిస్తున్నది! వేరేవాళ్లని పెట్టుకుంటే ఇంత నీట్‌గా వచ్చేదా?"

"ఆ పిల్ల భుజం విరిగిందని నేను చెప్పిన రోజు కూడా తెలుసన్నమాట."

"ఇప్పుడా ఆ గొడవ? ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం. ఇంకో టేక్ అడిగాను, ఆయన సరేనన్నాడు. మొహం తుడుచుకో."

ఆమె మొహం కాలిపోతోంది. అతనిమీద కోపం రావాలి, వస్తుంది కూడా, దానికి ఇంకా టైముంది. ఇప్పుడు మాత్రం తన రహస్యమనుకుని దాచుకున్నది ఇన్నాళ్లూ అతనికి ముడిసరుకు అని తెలిసి, నిలువునా బట్టలిప్పినట్టుగా ఉంది. టీవీలో గోడంత వీపు కనబడిన రోజు పడ్డ సిగ్గు ఇందులో నూరో వంతు కూడా కాదు.

"మేడమ్, రెడీనా?" అని మేనేజరు కేక వేశాడు.

"ఒక్క ఫోన్ చేసుకుని వస్తానండి."

"ఎవరికే?" అన్నాడు భర్త. ఆమె చెవిలోంచి అతని గొంతు కట్ చేసి, కోచ్ నంబరు నొక్కింది. అవతల ఈలలూ, ఆడపిల్లల అరుపులూ వినబడ్డాయి, ఎవరో ఎవరినో గేరు మార్చవే మొద్దూ అంటున్నారు.

"నేనండీ, ఎర్రచొక్కా వేసుకుని తొక్కే ఆవిడని. ఆ రోజు మీరడిగితే అబద్ధం చెప్పాను. మలుపు దగ్గర నేను బ్రేకు వేశానండి. ప్రతి వీడియోలోనూ వేశాను. మీ పిల్ల సరిగ్గానే దిగింది. తప్పు మీది కాదు. ఇప్పుడే బ్రేకు వెయ్యకుండా దిగాను, కొత్తది కూడా వదిలేసింది."

మేనేజరు డ్రోన్‌ని నేల మీద పెట్టేశాడు. భర్త ఆమె చేతిలోని ఫోను అందుకోబోయి, మేనేజరు చూస్తున్నాడని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అవతల కోచ్ పిల్లల్ని పక్కకి వెళ్లమంది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"ఎందుకు వేశారు?" అంది కోచ్. "ఎవరైనా వెయ్యమన్నారా?"

ఆమె భర్త వంక చూసింది. అతను రెండు చేతులూ జోడించినంత పని చేస్తున్నాడు. అతని మీదికి తోసేస్తే తేలిపోతుంది. కానీ ఇవాళ ఇంకొక అబద్ధానికి ఆమెకు ముఖం చెల్లలేదు.

"లేదండీ, ఎవరూ చెప్పలేదు" అంది. "అది నన్ను అందుకోలేకపోతే తప్పు నాదే అనుకున్నాను."