మొదటి వద్దు

నవీన డాక్టర్లు రాసే ఎం.ఆర్.సి.పి. పరీక్ష పాసైనందుకు ఆయేషా మా ఇద్దరినీ డబ్లిన్‌లో ఒక పేరున్న ఇండియన్ రెస్టారెంటుకు పిలిచింది. నవీన మా అమ్మాయి. ఆయేషా నా భార్య గిరిజతో బోమాంట్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేసిన డాక్టరు, వరంగల్ మనిషి. గిరిజ పోయి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో ముందు ఫోను చేయకుండా మా ఇంటికి వచ్చింది ఆయేషా ఒక్కతే.

నేను డబ్లిన్ శివార్లలో, లూకన్‌లో ఒక సెకండరీ స్కూల్లో లెక్కలు చెబుతాను. నవీన రైల్లో గంట దూరంలో ఉన్న ములింగార్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేస్తూ అక్కడే ఇల్లు అద్దెకు తీసుకుంది. కిందటి నెల ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, గిన్నెలు తుడిచి అలమరలో సర్దుతూ, "నా ఇంట్లో కింద ఒక రూమ్ ఖాళీగా ఉంది నాన్నా. యూ కుడ్ మూవ్ ఇన్" అంది.

"వద్దులేమ్మా, నాకిక్కడ బాగానే ఉంది" అన్నాను.

"ఓకే" అంది.

మా బాపట్ల వైపు మొదటి వద్దు మర్యాదకు అంటాం. అన్నం వడ్డించేటప్పుడైనా, ఇంటికి రమ్మన్నప్పుడైనా అంతే. రెండోసారి అడిగితే కాస్త మెత్తబడతాం. మూడోసారికి కంచం ముందుకు జరుపుతాం. నవీన రెండోసారి అడగలేదు. తర్వాతి ఆదివారాలన్నీ ఎదురుచూశాను. స్కూలు నుంచి వచ్చి తాళం తీసేటప్పుడు మా ఇల్లు ఎలా ఉంటుందో నేను ఎవరికీ చెప్పలేదు.

రెస్టారెంటులో ఏనుగు బొమ్మలు, సితార్ సంగీతం ఉంటాయనుకున్నాను. లేవు. తెల్లటి గోడలు, మెత్తటి వెలుతురు, పక్క బల్ల మీది మాటలు వినపడనంత ఎడం. ఏమేం తినాలో మనం చెప్పనక్కర్లేదు. వాళ్ళే ఒకదాని తర్వాత ఒకటి తెస్తారు. మొదట రూపాయి బిళ్ళంత ఇడ్లీలు వచ్చాయి. వాటి మీద పీత మాంసం, పైన కారప్పొడి. పీత ఇక్కడి సముద్రానిది. పొడిలో మినప్పప్పు వేగిన తీరు మాత్రం మా వైపుదే.

తర్వాత పులుపు పట్టించిన గొర్రెమాంసం వచ్చింది. నేను గోంగూర అనుకున్నాను. కాదట. ఇక్కడి పచ్చిక బయళ్ళలో దొరికే ఒక పుల్లటి ఆకట. దాన్ని వెల్లుల్లి, ఎండుమిరపకాయలతో నూరారు. మొదటి ముద్దకే దవడల కింద జివ్వుమంది. కళ్ళు మూసుకుంటే గోంగూరే, తెరిస్తే కాదు. ఉన్న ఆకుతో లేని ఆకును గుర్తుచేయగలిగిన ఆ వంటమనిషి ఎవరో గానీ, ఆ లోపల ఎక్కడో ఉన్నవాడికి మనసులో నమస్కారం పెట్టుకున్నాను.

"ఎట్లున్నది సార్?" అంది ఆయేషా.

"బాగుంది."

"గంతేనా? పేపర్లు దిద్దినట్టు మాట్లాడ్తరు మీరు. మార్కులన్న ఎయ్యండి."

"పదికి తొమ్మిదిన్నర."

"ఆ అర ఎందుకు కోసిండ్రు?"

"అలవాటు" అన్నాను. నవీన నవ్వింది.

ఆ తర్వాత మిరియాల చారు. వడ్డిస్తున్న ఐరిష్ అమ్మాయి కెటిల్‌తో చిన్న గాజు గ్లాసుల్లోకి వంచింది. ఇంగువ, నేతిలో చిటపటలాడిన జీలకర్ర, కొత్తిమీర కాడల వాసన ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. రెండు గుక్కల్లో తాగేశాను. ఆ అమ్మాయి గమనించి, "ఇంకొంచెం పోయమంటారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"వద్దండి, థాంక్యూ" అన్నాను.

ఆమె చిరునవ్వుతో తలూపి వెళ్ళిపోయింది.

"చూసినవా నవీనా, మీ నాయన కాళ్ళు ఈడున్నయి, కండ్లు కెటిల్ ఎంబడి పోయినయి" అంది ఆయేషా.

"హీ సెడ్ నో, ఆంటీ."

"అది నో గాదు బిడ్డా. ఒక్కపారి వద్దన్నోళ్ళను ఇడిసిపెడ్తమా? మీ అమ్మ ఎట్ల పెడ్తుండె? గరిటె పట్టుకొని నెత్తి మీద నిలబడేది. నేను కంచం మీద చెయ్యి అడ్డం పెడ్తె, ఏళ్ళ సందుల నుంచి పోసేది పప్పు."

ఆయేషా ఆ అమ్మాయిని వెనక్కి పిలిచి నా గ్లాసు నింపించింది. ఈసారి వద్దనకుండా తాగాను. మొదటి గ్లాసు కన్నా బాగుంది.

"మా వార్డులో అయితే అది తప్పు ఆంటీ" అంది నవీన. "పేషెంట్ నో అంటే దట్స్ ఇట్. మళ్ళీ మళ్ళీ అడిగితే ప్రెషర్ పెట్టినట్టు. నా జూనియర్స్‌కి కూడా అదే చెప్తా. వాళ్ళ మాటని నమ్మండి అని."

బడాయిగా చెప్పలేదు. రోజూ చేసే పని గురించి చెప్పినట్టు చెప్పింది. వింటూ ఉంటే నాకు గర్వంగా అనిపించింది. నా వద్దును కూడా అలాగే నమ్మింది. తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

"రేపు ఫెబికి రూమ్ ఇస్తానని చెప్పాలి" అంది నవీన, మాటల్లో మాటగా. "మా వార్డులో నర్స్. మండే నుంచి వస్తానంటోంది."

"మంచిదే. ఒక్కదానివి ఉండకు" అంది ఆయేషా. ఇంతలో ఆమె ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి. లేచి బయటికి వెళ్ళింది.

ఆ అమ్మాయి వచ్చి గ్లాసులు తీసింది. బల్ల తుడిచింది. నా తరఫున మాట్లాడే మనిషి తలుపు అవతల ఉంది. నవీన న్యాప్‌కిన్ మడతపెడుతోంది.

"ఆ గది ఫెబికి ఇవ్వకు" అన్నాను.

"ఎందుకు? షీ ఈజ్ లవ్లీ, నాన్నా."

"నేను వస్తాను."

నవీన న్యాప్‌కిన్ మడత ఆపింది. "బట్ యూ సెడ్ నో."

"అన్నాను. ఇంకోసారి అడుగుతావనుకున్నాను."

న్యాప్‌కిన్ బల్ల మీద పెట్టింది. "అడగాలనే ఉండింది. అది అమ్మ ఇల్లు కదా. నువ్వు కదలనని అంటున్నావనుకున్నా."

"అమ్మ ఇల్లే. సాయంత్రాలు అందులో ఉండటం నావల్ల కావడం లేదు."

నేను ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. నవీన నా చెయ్యి పట్టుకోలేదు. ఏడవలేదు. నేను ఇంకా ఏమైనా చెబుతానేమోనని ఆగింది. రోగుల దగ్గర కూడా ఇలాగే ఆగుతుంది కాబోలు.

"వెన్?" అంది.

"లీవింగ్ సర్ట్ రాసే చివరి ఏడాది పిల్లలున్నారు. పరీక్షలకు ముందు వాళ్ళను వదలకూడదు. జూన్‌లో వస్తాను."

"అప్పటిదాకా వీకెండ్స్ రా. ట్రెయిన్ ఉంది. ఫెబికి వేరే చోటు నేను వెతుకుతా."

"సరే."

మూడు మట్టి మూకుళ్ళలో పాలతాలికలు వచ్చాయి. పైన కుంకుమపువ్వు, కింద ఇక్కడి చిక్కటి పాలు. ఆయేషా ఫోను సంచిలో పెట్టుకుంటూ వచ్చి కూర్చుని మా ముఖాలు చూసింది.

"ఏమైంది? ఇద్దరు గిట్ల కూసున్నరేంది?"

"నాన్న నా దగ్గరికి వస్తున్నారు ఆంటీ."

"ఒప్పుకున్నరా? ఎన్నిసార్లు అడిగినవే?"

"అడగలేదు" అంది నవీన. "ఆయనే చెప్పారు."

ఆయేషా నన్ను పైనుంచి కిందికి చూసి, తన మూకుడులోంచి సగం తాలికలు అడగకుండానే నా దాంట్లో వేసింది.