చిన్నకోడలు విప్పిన రెండు బోల్టులు

బావగారి మీద చిన్నకోడలికి పగ పుట్టింది ఒక వానరోజు మధ్యాహ్నం. మూడేళ్ళ కూతురికి ఉబ్బసం ఎగదన్ని పెదాలు నీలంగా మారుతుంటే, ఆమె వాకిట్లో ఉన్న పాత ఆటోమేటిక్ జీపు తాళం తిప్పింది. లైట్లు వెలిగాయి గానీ ఇంజను ఉలకలేదు, పలకలేదు. నాలుగు వీధుల అవతల మెకానిక్ షెడ్డు నడిపే బావగారికి ఫోన్ చేసింది. తాళం తిప్పడం కూడా ఒకరు నేర్పాలా, అన్నం తిని వస్తాలే అన్నాడాయన. రాలేదు. పిల్లను భుజాన వేసుకుని వానలో పరుగెత్తింది. ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ ఆమె కంట చుక్క నీరు రాలేదు. అంతా లోపలే మరిగింది.

ఆ తర్వాత బావగారు బండిని షెడ్డుకు లాక్కెళ్ళి బ్యాటరీ మార్చాడు, స్టార్టరు మార్చాడు. రెండు రోజులు బాగుండటం, మూడో రోజు మొండికేయడం. క్లచ్ బండ్లతో పండిపోయిన చెయ్యి ఆయనది. క్లచ్ లేని ఆటోమేటిక్ అంటే చిన్నచూపు. చివరికి దీని పని అయిపోయింది, విడిభాగాలకు అమ్మేద్దామని తేల్చేశాడు. అన్న ముందు నోరు పెగలని ఆమె మొగుడు తలూపాడు. తలూపడానికేం, పిల్లకు మళ్ళీ ఆయాసం వస్తే పరుగెత్తాల్సిన కాళ్ళు ఆమెవి.

ఆదివారం కొనేవాడు వస్తాడని బండిని తిరిగి ఇంటి ముందుకు తోసుకొచ్చారు. పిల్ల నిద్రపోయాక ఆమె చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, డ్రైవరు సీట్లో కూర్చుంది. గేరు పార్క్‌లో, అంటే బండి నిలిపి ఉంచే చోట, పెట్టి తాళం తిప్పితే మౌనం. న్యూట్రల్‌లోకి లాగి తిప్పితే ఒక్క ఊపున అందుకుంది. మళ్ళీ పార్క్, మళ్ళీ మౌనం. డాష్‌బోర్డు అరలో నూనె మరకల పుస్తకం ఉంది. అందులో బొమ్మ చూసి సంగతి గ్రహించింది. గేరు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్టరుకు కరెంటు వదిలే స్విచ్చి ఒకటి గేరుబాక్సు పక్కన ఉంది. అది వెంట్రుకవాసి పక్కకు జరిగింది, అంతే. రెండు బోల్టులు వదులు చేసి, సర్ది, బిగిస్తే సరి.

అప్పటికప్పుడే చేసేయవచ్చు. చెయ్యలేదు. బావగారి తప్పు పరాయి మనిషి చూడకపోతే తన కడుపుమంట చల్లారదనిపించింది.

ఆదివారం బావగారు క్వారీ యజమానిని వెంటబెట్టుకొచ్చాడు. షెడ్డుకు అంతకన్నా పెద్ద గిరాకీ లేదు. ఆయన దగ్గరా ఇలాంటి బండే ఉంది, దానికోసమే విడిభాగాలు కావాలట. బావగారు సీట్లో కూర్చుని తాళం తిప్పి, చూశారుగా, శవం అన్నాడు.

చిన్నకోడలు కిటికీలోంచి చెయ్యి పెట్టి గేరును న్యూట్రల్‌లోకి లాగింది. "ఇప్పుడు తిప్పండి బావగారూ."

ఇంజను గర్జించింది. బావగారు గతుక్కుమన్నాడు.

క్వారీ యజమాని నెమ్మదిగా ఆయన వైపు తిరిగాడు. "మా బండికీ ఇదే జబ్బు కదయ్యా. రెండు స్టార్టర్లు మార్చావు. న్యూట్రల్‌లో ఒక్కసారి తిప్పి చూశావా?"

బావగారు పాత బండ్లు అలాగే ఉంటాయని ఏదో గొణిగాడు. చిన్నకోడలు ఇంజను ఆపించి, బండి కింద గోనెపట్టా పరిచి, స్పానరుతో దూరింది. చీకటిగా ఉంది, లైటు పట్టుకోమంది. ఎవరిని అడిగిందో అందరికీ అర్థమైంది. తెల్లచొక్కా మట్టిలో ఆనించి బావగారు పక్కన పడుకోక తప్పలేదు.

"అమ్మాయ్, ఇంటి గుట్టు వీధిన పెట్టకు," అన్నాడు గుసగుసగా. "గిరాకీ పోతుంది."

"పిల్ల పెదాలు నీలమైనప్పుడు నేనూ ఇంటి మనిషికే ఫోన్ చేశాను బావగారూ. లైటు కొంచెం ఎడమకి."

ఆమె రెండో బోల్టు బిగించి బయటికొచ్చింది. పార్క్‌లో పెట్టి తిప్పితే బండి ఠక్కున అందుకుంది. మూడుసార్లు ఆపి తిప్పినా అంతే. అమ్మకం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

క్వారీ యజమాని తన బండిని రేపు ఇక్కడికే పంపుతానన్నాడు. బావగారు ఆమె ముఖంలోకి చూశాడు. వద్దండీ, షెడ్డుకే పంపండి అంటుందేమోనని. మొగుడి కళ్ళూ అదే అడుగుతున్నాయి. ఆమె చేతులు తీరిగ్గా తుడుచుకుంది.

"పొద్దున్నే పంపించండి," అంది.

బావగారు ఒంటి మట్టి దులుపుకోకుండానే వీధిలోకి నడిచాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూనే నిలబడింది.